సభ మొదటి పది నిమిషాలు కుర్చీల్లో కూర్చున్నవారివి

సంపాదకులకు నమస్కారం.

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల్లో సభలకు ఎన్నడూ కొదవ లేదు. బ్రౌన్ గ్రంథాలయంలో సాహిత్య సభలు, బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు, ఊళ్లలో గ్రామసభలు, రైతు సదస్సులు, సంస్మరణ సభలు ఏడాది పొడుగునా జరుగుతూనే ఉంటాయి. సీమలో సభ అంటే ఒకప్పుడు ఏదో ఒకటి తేలే చోటు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన దత్తమండల సభలోనే, అప్పటిదాకా దత్తమండలాలు అనిపించుకున్న ఈ ప్రాంతానికి రాయలసీమ అనే పేరు పెట్టాలని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. ఇప్పుడూ వక్తలు చదువుకునే వస్తున్నారు, జనం పనులు మానుకునే వస్తున్నారు. అయినా చాలా సభలు మొదటి అరగంటలోనే నీరసపడుతున్నాయి. ఆ అరగంట వక్తల చేతిలో ఉండదు. సభ నడిపేవారి చేతిలో ఉంటుంది. అది ఎక్కడ చెడుతోందో, ఎట్లా బాగుచేయవచ్చో సభలు నడిపే కొందరం కలిసి రాస్తున్నాం.

ముందు లెక్క చూడండి. వేదిక మీద పదిమంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరిని పేరు, హోదా, నాలుగు విశేషణాలతో పిలిచి, వారు మెట్లెక్కి కూర్చునేసరికి నిమిషం పడుతుంది. పదిమందికి 10 నిమిషాలు. శాలువా, పూలగుత్తి, ఫొటో కలిపి మనిషికి నిమిషంన్నర చొప్పున 15 నిమిషాలు. జ్యోతి వెలిగించడానికి 7, ప్రార్థనకు 3. ఆపైన మాట్లాడే ప్రతి ఒక్కరూ వేదిక మీదున్న మిగతా తొమ్మిదిమందినీ హోదాలతో సహా సంబోధిస్తారు. అది మనిషికి ముప్పావు నిమిషమే అనుకున్నా మొత్తం ఏడున్నర నిమిషాలు. అన్నీ కూడితే 42 నిమిషాలు దాటుతుంది. గంటన్నర సభలో ఇది దాదాపు సగం. ఇందులో ఏ ఒక్క పనీ తప్పు కాదు, అతిథిని గౌరవించడం మన పద్ధతి. కానీ ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా, విషయం మొదలు కాకముందే పెట్టడం వల్ల కోత పడేది అసలు ఉపన్యాసానికి. బహిరంగ సభలైతే మరీ కష్టం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆరున్నరకని వేసి ఎనిమిదికి మొదలుపెట్టిన సభలో, దూరం నుంచి వచ్చిన ముఖ్య వక్తకు మిగిలేది పావుగంట. అప్పటికి పోరుమామిళ్ల, బద్వేలు బస్సు అందుకోవాల్సినవాళ్లు లేచి వెళ్లిపోయి ఉంటారు.

అందుకే మా మొదటి మాట: సభలో పలికే మొట్టమొదటి వాక్యం వేదికకు కాదు, ఎదురుగా కూర్చున్నవారికి చెందాలి. వచ్చిన మనిషికి మూడు సంగతులు తెలియాలి. ఎందుకు కూర్చున్నాం, ఏ వరసలో జరుగుతుంది, ఎన్నింటికి లేస్తాం. అనంతపురం వైపు రైతు సదస్సును ఇట్లా మొదలుపెట్టవచ్చు: "అందరికీ నమస్కారం. తొలకరి దగ్గరపడింది. శనక్కాయలో కందిని ఎన్ని సాళ్లకు ఒక సాలు వేస్తే మేలో ఈ పూట తేల్చుకుందాం. ముందు శాస్త్రవేత్త అరగంట చెబుతారు. ఆ తర్వాత ముప్పావు గంట మీ ప్రశ్నలు. పన్నెండున్నరకు లేస్తాం, భోజనం ఇక్కడే. తాగే నీళ్లు ఎడమవైపు గుమ్మం పక్కన పెట్టినాం." ఇది పలకడానికి అర నిమిషం చాలు. ఆ తర్వాత అధ్యక్షుణ్ణి పిలిచినా, దీపం వెలిగించినా జనం ఓపికగా చూస్తారు, ఎందుకంటే తర్వాత ఏం రాబోతోందో వారికి తెలుసు. అదే "విచ్చేసిన అశేష ప్రజానీకానికి, పాత్రికేయ మిత్రులకు, పుర ప్రముఖులకు" అంటూ ఎత్తుకుంటే, ఆ మాటలు ఎన్నిసార్లు విన్నారో గానీ, వినేవారి చేయి వెంటనే ఫోను మీదికి పోతుంది.

ఈ అర నిమిషం మాటలు కాగితం మీద రాసుకోవాలి. ఫోనులో రాసుకుంటే సరిగ్గా అప్పుడే ఎవరో పిలుస్తారు, లేదా తెర ఆరిపోతుంది. అర ఠావు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో, ఒక్కోదాని మీద నాలుగైదు వరసలే రాసి, మూలన అంకె వేసుకోవాలి. అంకె లేకపోతే గాలికి ఎగిరి తారుమారైన ముక్కలను సర్దుకోవడం వేదిక మీద కుదరదు. మైకు ముందుకు వెళ్లాక వెంటనే మాట్లాడకూడదు. "కూర్చోండి, కూర్చోండి" అని అరవనూకూడదు. ఐదారు సెకన్లు జనం వైపు చూస్తూ నిలబడితే ముందు వరుసలు సద్దుమణుగుతాయి, వెనక వరుసలు వాటిని చూసి ఆగుతాయి. గోలలో పలికిన మొదటి వాక్యాన్ని మళ్లీ పలికినా పనిచేయదు.

పేర్ల విషయంలో ఎంత జాగ్రత్త పడినా తక్కువే. అతిథి పేరు, ఇంటిపేరు, ఇప్పటి హోదా ఆయన్నే అడిగి రాసుకోవాలి. ఆహ్వానపత్రం చూసి చదివితే బదిలీ అయిన అధికారిని పాత హోదాతో పిలుస్తాం. పదవీకాలం ముగిసినవారిని ఇంకా పదవిలోనే ఉన్నట్టు పిలిచినా, ఉన్నవారిని మాజీ అన్నా, ఆ సభంతా ఆయన మనసులో అదే ఉంటుంది. పరిచయం మూడు వాక్యాలు దాటకూడదు. అందులో ఈనాటి విషయంతో ఆయనకున్న సంబంధం తప్పకుండా ఉండాలి. పుట్టిన ఊరు, చదివిన బడి, అందుకున్న బిరుదులు చదువుకుంటూ పోతే అతిథికే ఇబ్బంది. ఈ కొలత మన అవధానాల్లో ఎప్పటినుంచో ఉంది. శతావధాని సి.వి. సుబ్బన్నను కన్న ప్రొద్దుటూరు ప్రాంతానికి దాన్ని కొత్తగా చెప్పనక్కర్లేదు. అష్టావధానంలో అవధానిని ఒక్కో తీరు ప్రశ్నతో పరీక్షించే ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. తీరు తెలిసిన సంచాలకుడు ఫలానావారు సమస్య ఇస్తారు, ఫలానావారు దత్తపది, ఫలానావారు నిషిద్ధాక్షరి అని ఒక్కొక్కరికి ఒక్క వాక్యం చెప్పి తప్పుకుంటాడు. ఎవరు ఏం చేయబోతున్నారో సభకు తెలిసింది, అంతకుమించి ఆ క్షణంలో అక్కర్లేదు.

వేదిక మీద ఐదు కుర్చీలు చాలు. ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అంటూ హోదాలు పుట్టించి పన్నెండు కుర్చీలు వేస్తే, మాట్లాడని ఏడుగురు రెండు గంటలు జనం ఎదుట ఊరికే కూర్చోవాలి. మిగతా పెద్దలకు ముందు వరుసలో పేరు రాసిన కుర్చీలు ఉంచి, ఒక్క వాక్యంలో అందరికీ కలిపి నమస్కారం చెప్పవచ్చు. ఈ మాట అతిథులకు ముందురోజే ఫోనులో చెప్పాలి. సభలో చెబితే అవమానమవుతుంది. సంబోధనలు కూడా అంతే. వేదిక మీదివారిని వ్యాఖ్యాత ఒకసారి పేరుపేరునా పిలిచేశారు కాబట్టి మిగిలినవారు "అధ్యక్షులకు, సభకు నమస్కారం" అంటే చాలునని వారు మెట్లెక్కకముందే చెప్పి ఒప్పించాలి. అధ్యక్షుడు మొదట పాటిస్తే తర్వాతివారు పాటిస్తారు. ఆయన పదిమంది పేర్లు చదివితే ఇక ఎవరూ ఆగరు. శాలువాలను సభ చివర, వందన సమర్పణకు ముందు పెట్టుకోవచ్చు. ఎండాకాలం ఉదయం సభలో ఉన్ని శాలువా కప్పించుకుని కూర్చోవడం ఎవరికైనా శిక్షే. ఇంకొక మాట. పళ్లెం పట్టుకుని నిలబడటానికి, పూలగుత్తులు అందించడానికి మాత్రమే ఆడపిల్లలను పిలిచే అలవాటు మానాలి. వాళ్లలో బాగా చదివే ఒకరికి తొలిపలుకులు అప్పగించి చూడండి.

మైకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, చాలా సభల మొదటి ఐదు నిమిషాలు దీనికే బలి అవుతాయి. మైకు కూయడానికి కారణం ఒక్కటే: స్పీకర్ బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి పోయి, మళ్లీ పెద్దదై బయటికి రావడం. కాబట్టి బాక్సులు మైకు కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. వేదిక వెనక గోడకు బాక్సులు ఆనించి, వాటి ఎదుట మైకు పెట్టి, ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. చేతి మైకును నోటికి నాలుగు వేళ్ల ఎడంగా పట్టుకోవాలి. దాని తలను గుప్పిట్లో మూస్తే కూత ఇంకా పెరుగుతుంది. ఊదడం, తట్టడం వద్దు, మామూలు గొంతుతో నాలుగు వాక్యాలు మాట్లాడి చూసుకోవాలి. ఖాళీ హాలులో సరిపోయిన శబ్దం జనం నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది, మనుషులు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. కొంచెం పెంచాల్సి వస్తుందని ఆపరేటర్‌కు ముందే చెప్పి, వెనక వరుసలో ఒకరిని కూర్చోబెట్టి చేతి సైగ పెట్టుకోవాలి. కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీల జత ఒకటి జేబులో ఉండాలి. కరెంటు పోతే? చాలా సౌండు ఆంప్లిఫయర్లు 12 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తాయి. బ్యాటరీ తెచ్చారా అని ముందురోజు అడిగితే చాలు. అదీ లేకపోతే వ్యాఖ్యాత వేదిక దిగి, కుర్చీల మధ్య దారిలో సగం దాకా వచ్చి గొంతెత్తి మాట్లాడాలి. కరెంటు కోసం ఎదురుచూస్తూ నిలబడకూడదు.

ప్రార్థన గీతాన్ని ఫోనులోంచి వినిపించేవారు పాటను ముందే దించుకుని, ఫోనును విమానం గుర్తు మీద పెట్టాలి. లేకపోతే పాట మధ్యలో ఎవరి పిలుపో హాలంతా మోగుతుంది. కొత్త ఫోన్లలో చాలావాటికి గుండ్రటి పిన్ను దూరే రంధ్రం లేదు, దానికి వేరే కన్వర్టర్ కావాలి. పిల్లలు పాడితే మైకు స్టాండును వారి గడ్డం ఎత్తుకు ముందే దించి ఉంచాలి. చివర్లో పాడే జాతీయ గీతానికి సుమారు 52 సెకన్లు చాలు. ప్రార్థన దానికి రెండింతలు దాటకుండా రెండు చరణాలకు ఆపడం మేలు.

ఇక దీపం. ఫ్యాన్ల కింద కుంది పెట్టి, ఎండు వత్తులు వేసి, అగ్గిపుల్లలు ఒకటొకటే గీయడం మనం తరచూ చూసేదే. వత్తులు కాస్త లావుగా చేసి ముందురోజు రాత్రే నువ్వుల నూనెలో నానబెట్టాలి. కొసలు అంచుకు అర అంగుళం పైకి తీసి, ఒక్కో కొసకు చిటికెడు కర్పూరం అంటిస్తే మొదటిసారికే అంటుకుంటుంది. రెండు నిమిషాల ముందు వేదిక మీది ఫ్యాన్లు ఆపాలి. ఆ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించాలి. అతిథి చేతికి అగ్గిపెట్టె ఇవ్వొద్దు. పక్కన చిన్న ప్రమిద వెలిగించి పెట్టుకుని, దాని నుంచి అంటించిన కొవ్వొత్తి ఇవ్వాలి. మైనం చేతి మీద కారకుండా దానికి అట్ట తొడగాలి. కుందిని వేదిక మధ్యలో కాక ఒక పక్కకు, కొంచెం ముందుకు పెడితే కుర్చీల్లోంచి కనబడుతుంది. తెరలు, కాగితం తోరణాలు, వైర్లు దగ్గర్లో ఉండకూడదు. శాలువాలు, పట్టుచీరల కొంగులు మంటకు అందేంత దగ్గరగా పదిమంది గుమికూడటం ప్రమాదం. ఒక బకెట్ ఇసుక దగ్గర ఉంచుకోవాలి. ఫొటో తీసేవారిని పక్కగా నిలబడమని ముందే కోరాలి, లేకపోతే సభకు కనిపించేది వారి వీపులే. దీపం వెలిగించడం తమ మతాచారానికి సరిపడదనుకునే అతిథులు కూడా ఉంటారు. ముందే కనుక్కుని, వారిని వేదిక మీద ఇరుకున పెట్టకుండా, మొక్కకు నీళ్లు పోయడం లాంటి పనితో మొదలుపెట్టవచ్చు.

జనం పలచగా ఉన్నారని ఆలస్యం చేయడం మరో జబ్బు. నూరుమంది వస్తారనుకుంటే డెబ్బై కుర్చీలు వేసి, ముప్పై పక్కన దొంతరగా పెట్టండి. చివరి నాలుగు వరుసలకు తాడు కట్టండి, ముందు నిండాక విప్పవచ్చు. చెప్పిన వేళకు ముప్పైమంది ఉన్నా మొదలుపెట్టాలి. అయితే ఆ మొదటి పావుగంటలో అసలు ఉపన్యాసం పెట్టకూడదు. పద్యపఠనమో, పోయిన సభ నివేదికో, తర్వాత వచ్చినవారు పోగొట్టుకున్నా నష్టం లేనిదో ఉండాలి. వేళకు వచ్చినవారిని గంటసేపు కూర్చోబెడితే, వచ్చేసారి వాళ్లూ గంట ఆలస్యంగా వస్తారు. జనం ఆలస్యంగా వస్తున్నారని మనం ఆలస్యంగా మొదలుపెడుతున్నాం, మనం ఆలస్యంగా మొదలుపెడతామని జనం ఆలస్యంగా వస్తున్నారు. ఈ ముడిని విప్పగలిగేది నిర్వాహకులు మాత్రమే. ముఖ్య అతిథి కోసం పది నిమిషాలకు మించి ఆగవద్దు. అధ్యక్షుణ్ణి పిలిచి, విషయం చెప్పి, మొదటి వక్తకు మైకు ఇచ్చేయాలి. అతిథి వచ్చాక పక్క మెట్ల మీదుగా తీసుకొచ్చి కూర్చోబెట్టి, వక్త ముగించాక ఒక్క వాక్యంతో స్వాగతం చెప్పాలి. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపి చప్పట్లు కొట్టించడం ఆ వక్తకూ మర్యాద కాదు, వచ్చిన పెద్దకూ మర్యాద కాదు.

సాయంత్రం షామియానా కింద జరిగే సభకు వేదికను పడమర దిక్కున వేయకూడదు. వేస్తే జనం కళ్లల్లో ఎండ పడుతుంది, ఎవరు మాట్లాడుతున్నారో కూడా కనబడదు.

సభ రకాన్ని బట్టి ఎత్తుగడ మారాలి. పొదుపు సంఘాల మహిళలు నేల మీద గుండ్రంగా కూర్చుని, హాజరు వేసుకుని, పోయిన సమావేశంలో రాసుకున్న తీర్మానాలు చదివి, సూటిగా పొదుపు, కంతుల లెక్కల్లోకి వెళ్తారు. మా అభిప్రాయంలో జిల్లాలో బాగా మొదలయ్యే సమావేశాలు అవే. వాటికి వేదిక లేకపోవడం ఒక కారణం. గ్రామసభలకూ ఇది పనికొస్తుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. అంత పెద్దయెత్తున జరిగే సభల్లో మొదట చదవాల్సింది పోయినసారి తీర్మానాల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది. అది విన్నాకే కొత్త అర్జీ ఇవ్వడానికి మనిషికి నమ్మకం కలుగుతుంది. సంతకాల పుస్తకాలు రెండు పెట్టి గుమ్మం దగ్గరే రాయించుకుంటే సభ మధ్యలో పుస్తకం చేతులు మారే గందరగోళం ఉండదు.

బడుల్లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. కూలి మానుకుని వచ్చిన తల్లికి మొదట తెలియాల్సింది తన బిడ్డ చదువు గురించి ఏ పంతులమ్మతో, ఏ గదిలో, ఎప్పుడు మాట్లాడవచ్చన్నది. ప్రధానోపాధ్యాయులు ఆ మాటతోనే మొదలుపెట్టాలి. కడప, కర్నూలు పట్టణాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. అదే సమాచారాన్ని ఉర్దూ వచ్చిన ఉపాధ్యాయుడి చేత రెండు వాక్యాల్లో చెప్పిస్తే వెనక వరుసలో కూర్చున్నవారు ముందుకు వస్తారు.

పుస్తకావిష్కరణలో చెడేది ముడి దగ్గర. ప్రతుల కట్టకు గట్టిగా రిబ్బను బిగించి, కత్తెర మరిచిపోతారు. లాగితే ఊడే ఒకే ముడి వేసి, వేదిక మీద ఎందరుంటే అన్ని ప్రతులే, అట్ట బయటికి కనబడేలా పేర్చాలి. రచయిత మాట్లాడే వంతు చివర వస్తుంది కాబట్టి, తొలిపలుకుల్లోనే ఆ పుస్తకంలోంచి ఐదారు వాక్యాలు చదివి వినిపించాలి. సంస్మరణ సభలో చిత్రపటానికి పూలమాలలు వేయడం సభకు ముందే వరసలో ముగించాలి. మౌనం పాటించే ముందు ఫోన్లు ఆపమని చెప్పాలి. గడియారం చూసి నిండా నిమిషం ఆగి, "కూర్చోండి" అని ఒక్కరే చెప్పాలి. పావు నిమిషానికే గొంతు సవరించుకోవడం పోయినవారిని చిన్నబుచ్చడమే.

ఇక మీ పత్రికతో మాకు పని ఉంది. వేదిక మీద కుర్చీలు ఎందుకు పెరుగుతున్నాయో నిర్వాహకులకు బాగా తెలుసు. మరునాటి వార్తలో చివరి వరుస "ఫలానా, ఫలానా తదితరులు పాల్గొన్నారు" అని వస్తుంది. ఆ వరుసలోకి రావాలంటే వేదిక మీద ఉండాలి, ఫొటోలో పడాలి. జ్యోతి వెలిగించే ఫొటో తీసుకుని విలేకరి ఇంకో కార్యక్రమానికి వెళ్లిపోతారు. అందుకే జ్యోతి దగ్గర పదిహేనుమంది మూగుతారు. జిల్లా పేజీలో సభ వార్త రాసేటప్పుడు సభలో ఏం చెప్పారు, ఏం తీర్మానించారు అన్నది ముందు వేసి, పేర్ల వరుసను మాట్లాడినవారి వరకే కుదించండి. మాట్లాడుతున్న వక్త ఫొటోనో, ప్రశ్న అడుగుతున్న రైతు ఫొటోనో వేయండి. కార్యక్రమాల ప్రకటనల్లో ప్రారంభ సమయంతో పాటు ముగింపు సమయం కూడా అడిగి అచ్చువేయండి. ముగింపు సమయం రాయని ప్రకటనను నిర్వాహకులకు తిప్పి పంపండి. రెండు నెలలు ఇట్లా చేసి చూడమని మా మనవి.

ఇట్లు,
సభలు నడిపే కొందరు కార్యకర్తలు,
కడప.